ఐమూల గీత చెప్పే నిజం

బాలలూ! ముందుగా మీకొక చిన్న లెక్క ఇస్తాను. ఒక పొలానికి నాలుగు గట్లు ఉన్నాయి. నాలుగూ తిన్నని గట్లే. ఒక్కొక్క గట్టు పొడవు సరిగ్గా 50 గజాలు. ఆ పొలం వైశాల్యం ఎంత?

"ఇదీ ఒక లెక్కేనా! 50ని 50తో గుణిస్తే 2,500 చదరపు గజాలు" అని మీరు చటుక్కున అనేస్తారు. నేను బడిలో లెక్కలు చెప్పిన రోజుల్లో ఏ తరగతిలో ఈ ప్రశ్న వేసినా ఈ జవాబే వచ్చేది. కాని ఇది సరైన జవాబు కాదు. వైశాల్యం 2,500 చదరపు గజాలు కావచ్చు, 2,400 కావచ్చు, 1,344 కూడా కావచ్చు. నాలుగు గట్ల పొడవులు మాత్రమే తెలిస్తే ఏది నిజమో ఎంతటివాడూ చెప్పలేడు.

ఇదేమి చిత్రం? గట్లు మారకుండా పొలం ఎట్లా మారుతుంది? రండి, తెలుసుకుందాం.

నాలుగు పుల్లల చట్రం

సమానమైన పొడవు గల నాలుగు పుల్లలు తీసుకోండి. వాటిని చివరలకు చివరలు చేర్చి, మూలల వద్ద దారంతో వదులుగా కట్టండి. చదరంగా కనబడే చట్రం తయారవుతుంది. ఇప్పుడు దాన్ని బల్లమీద పెట్టి, ఒక మూలను వేలితో నెమ్మదిగా నొక్కండి. చదరం పక్కకు ఒరిగిపోతుంది. ఇంకా నొక్కితే సన్నబడుతుంది. చివరకు నాలుగు పుల్లలూ ఒకదాని పక్కన ఒకటి పడుకుంటాయి. అప్పుడు లోపల ఖాళీయే ఉండదు!

చూశారా? పుల్లల పొడవు వెంట్రుకవాసి కూడా మారలేదు. అయినా లోపలి వైశాల్యం నిండుగా ఉన్నది కాస్తా సున్నకు వచ్చింది.

ఇదే పని మూడు పుల్లలతో చేయండి. త్రిభుజాన్ని ఎంత నొక్కినా ఒరగదు. మూడు భుజాలు కుదిరితే త్రిభుజం ఆకారం కుదిరినట్టే. చతుర్భుజానికి ఆ స్థిరత్వం లేదు. దానికి ఆ స్థిరత్వం రావాలంటే ఒక ఎదురు మూల నుంచి మరొక ఎదురు మూలకు అయిదో పుల్ల కట్టాలి. కట్టి చూడండి. వెంటనే చట్రం బిగుసుకుంటుంది. ఎందుకంటే ఇప్పుడది ఒక చతుర్భుజం కాదు, రెండు త్రిభుజాలు.

ఎదురు మూలలను కలిపే ఈ గీతనే గణితంలో కర్ణం అంటారు. మన ఇళ్ళలో పెద్దలు "దుప్పటి ఐమూలగా మడవరా" అంటారు గదా! ఆ ఐమూల గీతే కర్ణం. ప్రతి చతుర్భుజానికి రెండు కర్ణాలు ఉంటాయి. నాలుగు భుజాలూ దాచిన సంగతిని బయటపెట్టేది ఈ కర్ణాలే.

ఇప్పుడు మన పొలానికి తిరిగి వద్దాం. గట్లు నాలుగూ 50 గజాలే గనక ఆ పొలం కర్ణాలు ఒకదాన్నొకటి సరిగ్గా మధ్యలో, నిలువుగా కోసుకుంటాయి. దానికి కారణం కాసేపట్లో చెబుతాను. ఒక కర్ణం 60 గజాలు అనుకోండి. అందులో సగం 30. భుజం 50. లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలు 30, 50 అయితే మూడోది 40. అంటే రెండో కర్ణం 80 గజాలు. వైశాల్యం రెండు కర్ణాల లబ్ధంలో సగం, అనగా 2,400 చదరపు గజాలు.

ఒక కర్ణం 28 గజాలే ఉంటే? సగం 14. 14, 48, 50 లంబకోణ త్రిభుజపు భుజాలు గనక రెండో కర్ణం 96. వైశాల్యం 28ని 96తో గుణించి సగం చేస్తే 1,344.

ఒక సెంటు అంటే 48.4 చదరపు గజాలు. కాబట్టి చదరంగా ఉన్న పొలం సుమారు 52 సెంట్లు. ఒరిగిపోయిన పొలం సుమారు 28 సెంట్లు. గట్లు మాత్రమే కొలిచి 52 సెంట్లకు డబ్బిచ్చినవాడికి 24 సెంట్ల నష్టం! అందుకే పొలం కొలిచేవారు గట్లు కొలిచి ఊరుకోరు. పొలాన్ని ఐమూలగా విడగొట్టి త్రిభుజాలు చేసి, ఒక్కొక్క త్రిభుజాన్నీ విడిగా లెక్క కడతారు. ఈనాడు ఉపగ్రహాల సాయంతో కొలిచినా, లెక్కలో చేసే పని మూలలను గుర్తించి వైశాల్యాన్ని ముక్కలుగా కట్టడమే.

పూర్వులకు ఈ సంగతి తెలుసునా?

ఈజిప్టు దేశంలో ఎడ్ఫు అనే చోట రెండువేల ఏళ్లకు పైబడిన గొప్ప దేవాలయం ఉన్నది. దాని గోడ మీద గుడి భూముల జాబితా చెక్కి ఉన్నది. అక్కడ వైశాల్యం కట్టిన పద్ధతి ఏమిటంటే: ఎదురెదురు గట్లను కూడి సగం చేయడం, వచ్చిన రెండు అంకెలను గుణించడం. ఈ పద్ధతిలో మన మూడు పొలాలకూ ఒకే జవాబు వస్తుంది, 2,500. ఇది దీర్ఘచతురస్రానికి మాత్రమే సరిపోతుంది. మిగిలిన ఆకారాలకు ఎప్పుడూ ఎక్కువే చూపుతుంది. పన్ను కట్టేవాడికి ఇది ఏమంత మేలు చేసే సూత్రం కాదు సుమా!

మన దేశంలో బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో రచించిన బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో ఈ పద్ధతిని చెప్పి, ఇది స్థూలమైన లెక్క మాత్రమేనన్నాడు. దానితోపాటు సూక్ష్మమైన సూత్రం ఒకటి ఇచ్చాడు. నాలుగు భుజాలను కూడి సగం చేసి, ఆ సగంలో నుంచి ఒక్కొక్క భుజాన్నీ విడివిడిగా తీసివేసి, వచ్చిన నాలుగు అంకెలనూ గుణించి వర్గమూలం కట్టాలి. చక్కని సూత్రం. కాని నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద పడే చతుర్భుజానికే ఇది చెల్లుతుంది. మన పొలానికి ఈ సూత్రం వేసినా 2,500 వస్తుంది. చదరం మూలలు వృత్తం మీద ఉంటాయి గనక దానికి అది నిజం. ఒరిగిన పొలం మూలలు వృత్తం మీద ఉండవు గనక దానికి నిజం కాదు.

తర్వాత 1150లో భాస్కరాచార్యుడు లీలావతి రాశాడు. అందులో ఆయన ఈ సంగతి గురించి గట్టిగానే మందలించాడు. కర్ణాన్ని గాని, లంబాన్ని గాని చెప్పకుండా, కేవలం నాలుగు భుజాలు చెప్పి వైశాల్యం అడిగేవాణ్ణి ఆయన పిశాచంతో పోల్చాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోయేవాడు అంతకన్నా పెద్ద పిశాచం అన్నాడు. ఇప్పుడు చెప్పండి, మొదట నేను అడిగిన లెక్కకు జవాబు చెప్పినవారు ఎంతమంది? అడిగిన నేను కూడా ఆయన తిట్టులో వాటాదారునే గనక మీరేమీ చిన్నబుచ్చుకోనక్కరలేదు!

రెండు ఈనెలు, మూడు ప్రశ్నలు

చతుర్భుజం పేరు చెప్పడానికి భుజాలను చూడనక్కరలేదు. కర్ణాలను మూడు ప్రశ్నలు అడిగితే చాలు.

ఒకటి: మీరిద్దరూ ఒకరినొకరు సరిగ్గా సగానికి కోసుకుంటారా?
రెండు: మీ పొడవులు సమానమా?
మూడు: మీరు ఒకరికొకరు లంబంగా నిలబడతారా?

చీపురులోనుంచి కొబ్బరి ఈనెలు రెండు తీసుకోండి. కాగితం మీద వాటిని అడ్డంగా ఒకదానిపై ఒకటి పెట్టండి. నాలుగు చివరల వద్ద పెన్సిలుతో నాలుగు చుక్కలు పెట్టి, వరుసగా క, చ, ట, త అని పేర్లు రాయండి. ఈనెలు తీసేసి చుక్కలను కలపండి. చతుర్భుజం వస్తుంది. ఈనెలే దాని కర్ణాలు. అవి కలిసిన చోటుకు మ అని పేరు పెడదాం.

మొదట పొడుగు ఈనె ఒకటి, పొట్టి ఈనె ఒకటి తీసుకుని, రెండింటినీ వాటి సరిమధ్యలో కలపండి. ఎంత ఏటవాలుగా పెట్టినా సరే, చుక్కలను కలిపితే సమాంతర చతుర్భుజమే వస్తుంది. ఎందుకు? మ నుంచి క ఎంత దూరమో ట అంతే దూరం. మ నుంచి చ ఎంత దూరమో త అంతే దూరం. మ దగ్గర ఎదురెదురుగా ఉన్న శీర్షాభిముఖ కోణాలు సమానం. కాబట్టి మ-క-చ, మ-ట-త అనే రెండు త్రిభుజాలు సర్వసమానాలు. ఒకదాన్ని మ చుట్టూ అరచుట్టు తిప్పితే రెండోదాని మీద కూర్చుంటుంది. అందుచేత క-చ భుజం, ట-త భుజం పొడవులో సమానం. ఏకాంతర కోణాలు సమానం గనక అవి సమాంతరం కూడా. అట్లాగే మిగిలిన రెండు భుజాలూను. మొదటి ప్రశ్నకు "అవును" అని జవాబు వస్తే అది సమాంతర చతుర్భుజమన్నమాట.

ఇప్పుడు సమానమైన రెండు ఈనెలు తీసుకుని సరిమధ్యలో కలపండి. ఈసారి దీర్ఘచతురస్రం వస్తుంది. ఈనెల మధ్య కోణం ఎంత పెట్టినా మూలలు మాత్రం లంబకోణాలే! కారణం చూడండి. మ నుంచి నాలుగు చివరలూ సమాన దూరం. కాబట్టి క-మ-చ త్రిభుజంలో క దగ్గర కోణం, చ దగ్గర కోణం సమానం. చ-మ-ట త్రిభుజంలో కూడా చ దగ్గర, ట దగ్గర కోణాలు సమానం. ఇక క-చ-ట అనే పెద్ద త్రిభుజాన్ని చూస్తే, దాని మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలు. ఆ మొత్తంలో సరిగ్గా సగం చ దగ్గరే ఉన్నది. సగం అంటే 90 డిగ్రీలు. ఎద్దుబండి చక్రంలో ఎదురెదురు ఆకులను రెండు జతలు చూడండి. వాటి నాలుగు చివరలను కలిపితే ఎప్పుడూ దీర్ఘచతురస్రమే.

మూడో ప్రయోగం. పొడుగుది ఒకటి, పొట్టిది ఒకటి తీసుకుని సరిమధ్యలో లంబంగా కలపండి. సమచతుర్భుజం వస్తుంది. వాకిట్లో ముగ్గుల్లో కనిపించే వజ్రం ఆకారం ఇదే. కర్ణాలు దాన్ని నాలుగు లంబకోణ త్రిభుజాలుగా కోస్తాయి. నాలుగూ సర్వసమానాలు. అందుకే దాని నాలుగు భుజాలూ సమానం. నాలుగు గట్లూ సమానమైన మన పొలం కూడా ఇదే ఆకారం గనక దాని కర్ణాలు నిలువుగా సగానికి కోసుకున్నాయి.

దీన్ని కత్తెరతో కూడా చేయవచ్చు. దీర్ఘచతురస్రపు కాగితాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి సగానికి మడవండి. నాలుగు పొరల మడత వస్తుంది. మడత మూల కాగితం నడిబొడ్డున ఉంటుంది. ఆ మూలకు ఎదురుగా ఉన్న మూలను ఐమూలగా కత్తిరించి పారేయండి. విప్పి చూస్తే సమచతుర్భుజం! మడతల గీతలే దాని కర్ణాలు. పారేసిన ముక్కలన్నీ పేరిస్తే సరిగ్గా మిగిలినంత వైశాల్యమే ఉంటుంది. వైశాల్యం కర్ణాల లబ్ధంలో సగం అని ఇందాక చెప్పిన సూత్రం ఇక్కడ మీ చేతుల్లోనే రుజువైంది.

నాలుగో ప్రయోగం. సమానమైన ఈనెలను సరిమధ్యలో లంబంగా కలపండి. మూడు ప్రశ్నలకూ "అవును" అనే జవాబు. వచ్చేది చదరం, అనగా చతురస్రం. అందుకే చదరాన్ని దీర్ఘచతురస్రమన్నా, సమచతుర్భుజమన్నా, సమాంతర చతుర్భుజమన్నా తప్పు లేదు. ఆ మూడు కుటుంబాల లక్షణాలూ దానిలో ఉన్నాయి.

మరి సరిమధ్యలో కలవని ఈనెల సంగతి? ఒక ఈనెను మాత్రమే రెండోది సగానికి, లంబంగా కోస్తే గాలిపటం ఆకారం వస్తుంది. దాని భుజాలు రెండు జంటలు. ఒక్కొక్క జంటలో పక్కపక్క భుజాలు సమానం. రెండు ఈనెలూ ఒకే నిష్పత్తిలో కోసుకుంటే సమలంబ చతుర్భుజం వస్తుంది. దానిలో ఒక జత భుజాలు సమాంతరంగా ఉంటాయి. కింది భుజం పై భుజానికి రెట్టింపయితే, కర్ణాలు ఒకదాన్నొకటి రెండు పాళ్లు, ఒక పాలుగా కోసుకుంటాయి. ఆ కర్ణాలు సమానం కూడా అయితే, పక్క భుజాలు రెండూ సమానంగా వాలి ఉంటాయి. బకెట్టును పక్కనుంచి చూసినప్పుడు కనబడే ఆకారం అది.

ఇక్కడ ఒక జాగ్రత్త. కర్ణాలు సమానమైనంత మాత్రాన అది దీర్ఘచతురస్రం కాదు. బకెట్టు ఆకారానికీ కర్ణాలు సమానమే. కర్ణాలు లంబంగా ఉన్నంత మాత్రాన అది సమచతుర్భుజం కాదు, గాలిపటానికీ లంబమే. మొదటి ప్రశ్నకు "అవును" అనిపించుకున్న తర్వాతే రెండోది, మూడోది అడగాలి. పరీక్షల్లో పిల్లలు ఎక్కువగా జారిపడేది ఇక్కడే.

ఇంటికి ముగ్గు పోసే రోజు

ఈ సంగతులు పుస్తకంలోనే ఉండిపోయేవి కావు. మీ వీధిలో ఎవరైనా ఇల్లు కట్టుకుంటుంటే, పునాదికి ముగ్గు పోసే రోజున వెళ్ళి చూడండి. మేస్త్రీ నాలుగు మూలలా మేకులు దిగగొట్టి తాడు బిగిస్తాడు. ఇల్లు 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు అనుకుందాం. నాలుగు వైపులా టేపుతో కొలిస్తే 40, 30, 40, 30 సరిగ్గా వచ్చాయి. అంతటితో తవ్వకం మొదలుపెట్టవచ్చునా?

తెలిసిన మేస్త్రీ మొదలుపెట్టడు. టేపును ఎదురు మూలలకు ఐమూలగా పట్టి రెండుసార్లు కొలుస్తాడు. రెండు కొలతలూ 50 అడుగులు వస్తే మూలలన్నీ మట్టంగా ఉన్నట్టు. ఎదురు భుజాలు సమానం గనక అది సమాంతర చతుర్భుజమని ముందే తేలింది; కర్ణాలు కూడా సమానం గనక దీర్ఘచతురస్రం. మనం ఈనెలతో చేసిన రెండో ప్రయోగమే ఇది!

ఒక కర్ణం 51 అడుగులు వచ్చిందనుకోండి. అప్పుడు రెండోది కొలవకముందే మీరు చెప్పవచ్చు: అది 49 అడుగులకు ఒక పిసరు తక్కువ. ఎట్లాగంటే, సమాంతర చతుర్భుజంలో రెండు కర్ణాల వర్గాల మొత్తం నాలుగు భుజాల వర్గాల మొత్తానికి సమానం. ఇక్కడ ఆ మొత్తం 5,000. 51 వర్గం 2,601. మిగిలినది 2,399. దాని వర్గమూలం సుమారు 48.98. ఒక కర్ణం పెరిగితే రెండోది తరగక తప్పదు.

"ఒక్క అడుగే గదా తేడా!" అనుకోకండి. ఐమూలలో ఆ ఒక్క అడుగు ఎక్కువయితే, ఆ ఇంటి అవతలి గోడ సుమారు 15 అంగుళాలు పక్కకు జరిగిపోయిందన్నమాట. గోడలు లేచాక దాన్ని సరిదిద్దడం ఎవరి తరమూ కాదు. నేలమీద పరిచే బండలు మూలల్లో కోసుకోవాలి. మంచం, బీరువా గోడకు ఆనించి పెడితే సందు మిగులుతుంది. అదే ముగ్గు దశలో అయితే ఒక్క నిమిషం పని. అవతలి రెండు మేకులనూ కాస్త పక్కకు జరిపి, రెండు ఐమూలలూ సమానమయ్యే దాకా చూసుకుంటే సరి.

మేకులు, తాళ్లు పట్టుకుని ఇట్లా కొలవడం మన దేశంలో చాలా ప్రాచీనమైన విద్య. యజ్ఞవేదికలు కట్టడానికి రాసిన శుల్బసూత్రాల్లో ఐమూల తాడుకు ప్రత్యేకంగా "అక్ష్ణయా రజ్జువు" అనే పేరే ఉన్నది. శుల్బం అన్నా తాడే. దీర్ఘచతురస్రపు భుజాల వర్గాలను కూడితే కర్ణం వర్గం వస్తుందనే సంగతి బౌధాయన శుల్బసూత్రంలో ఉన్నది. ఇప్పటికీ మేస్త్రీలు ఒక వైపు 3 అడుగులు, ఇంకొక వైపు 4 అడుగులు గుర్తుపెట్టి, ఐమూల 5 అడుగులు వచ్చిందా అని చూసి మూల మట్టం కడుతున్నారు.

తలుపు, వంతెన, టీవీ

దొడ్డివాకిలి చెక్క గేటును ఎప్పుడైనా పరీక్షగా చూశారా? నిలువు చెక్కలు, అడ్డ బద్దలు మాత్రమే ఉంటే కొన్నాళ్లకు బరువుకు ఒరిగి నేలను రాసుకుంటుంది. మన నాలుగు పుల్లల చట్రం ఒరిగినట్టే. అందుకే వడ్రంగి దానికి ఐమూలగా ఒక బద్ద కొడతాడు. ఆ బద్ద కింది మడతబందు మూల నుంచి పైన గడియ వైపు మూలకు పోవాలి. అప్పుడు గేటు బరువు బద్దను నొక్కుతుంది. బద్ద ఆ బరువును మడతబందుకు చేరవేస్తుంది.

రాజమహేంద్రవరం, కొవ్వూరుల మధ్య గోదావరి మీద 1974లో ప్రారంభమైన రైలు రోడ్డు వంతెన ఉన్నది గదా! కింద రైలు, పైన రోడ్డు. దాని ఇనుప చట్రాలను ఒడ్డున నిలబడి చూడండి. ఏటవాలు దూలాలు చట్రాన్ని త్రిభుజాలుగా విడగొడుతూ వరుసగా కనిపిస్తాయి. ఆ ఏటవాలు దూలాలు లేకపోతే రైలు బరువుకు చట్రం ఒరగకుండా నిలవడం కష్టం.

టీవీ తెరను కూడా ఐమూలగానే కొలుస్తారు. 25 అంగుళాల తెర అంటే కర్ణం 25 అంగుళాలు. కాని ఇక్కడొక మెలిక ఉన్నది. పాతకాలపు తెరలు వెడల్పు 4 పాళ్లు, ఎత్తు 3 పాళ్లుగా ఉండేవి. అట్టి 25 అంగుళాల తెర 20 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు. వైశాల్యం 300 చదరపు అంగుళాలు. ఇప్పటి వెడల్పు తెరలు 16 పాళ్లు, 9 పాళ్లు. అదే 25 అంగుళాల కర్ణానికి వైశాల్యం సుమారు 267 మాత్రమే. కర్ణం పొడవు అదే. మరి 33 చదరపు అంగుళాలు ఎక్కడికి పోయాయి? సమానమైన రెండు ఈనెలను మళ్లీ కలిపి, కత్తెరలా మూసి తెరిచి చూడండి. లంబానికి దగ్గరగా ఉన్నకొద్దీ ఆకారం నిండుగా ఉంటుంది, మూసుకుపోయినకొద్దీ సన్నబడుతుంది. కర్ణాల పొడవుతోపాటు వాటి మధ్య కోణం కూడా తెలిస్తేనే వైశాల్యం పూర్తిగా తెలిసినట్టు.

పెద్దలకు ఒక మాట. ఇంటికి ముగ్గు పోసేటప్పుడు, తలుపు చట్రం నిలబెట్టేటప్పుడు, పొలం కొలిచేటప్పుడు టేపు ఒక కొస మీ పిల్లల చేతికి ఇవ్వండి. ఐమూల కొలత వాళ్ళనే చదివి చెప్పమనండి. నల్లబల్ల మీద పదిసార్లు గీసినా పట్టుబడని సంగతి ఒక్కసారి చేత్తో కొలిస్తే మనసులో నిలిచిపోతుంది.

మీరు చేసి చూడండి

1. ఒక సమచతుర్భుజం కర్ణాలు 16 సెంటీమీటర్లు, 12 సెంటీమీటర్లు. దాని భుజం ఎంత? వైశాల్యం ఎంత?

2. ఒక వడ్రంగి కిటికీ చట్రం కర్ణాలు రెండూ కొలిచి, సమానంగా ఉన్నాయి గనక మూలలన్నీ మట్టంగానే ఉన్నాయన్నాడు. ఆ మాట నమ్మవచ్చునా? ఇంకా ఏం కొలవాలి?

3. మీకు తోచినట్టు వంకరటింకరగా ఏదైనా చతుర్భుజం గీయండి. నాలుగు భుజాల మధ్యబిందువులనూ వరుసగా కలపండి. లోపల ఏ ఆకారం వచ్చింది? మరొకటి గీసి చూడండి. మళ్లీ అదే వచ్చిందా?

జవాబులు

1. కర్ణాల సగాలు 8, 6. కాబట్టి భుజం 10 సెంటీమీటర్లు. వైశాల్యం 96 చదరపు సెంటీమీటర్లు.

2. నమ్మరాదు. బకెట్టు ఆకారానికీ కర్ణాలు సమానమే. ఎదురెదురు భుజాలు సమానమా అని కూడా కొలవాలి. ఆ రెండు పరీక్షలూ నెగ్గితేనే మూలలు మట్టం.

3. ప్రతిసారీ సమాంతర చతుర్భుజమే వస్తుంది. ఫ్రాన్సు దేశపు గణితవేత్త వారిన్యాన్ రాసిన ఈ సిద్ధాంతం ఆయన మరణానంతరం 1731లో అచ్చయింది. దీనికి కారణం కూడా కర్ణాలే. లోపలి ఆకారంలో ప్రతి భుజమూ ఒక కర్ణానికి సమాంతరంగా, ఆ కర్ణంలో సగం పొడవుగా ఉంటుంది. కాబట్టి బయటి చతుర్భుజపు కర్ణాలు సమానమైతే లోపల సమచతుర్భుజం, లంబమైతే లోపల దీర్ఘచతురస్రం వస్తాయి. రెండూ అయితే ఏం వస్తుందో మీరే గీసి చూసుకోండి!